మా మావయ్య రైళ్ళకి డిజిటల్ యోగం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఏదీ ఉండేది కాదు. ఇంజనీరింగ్ పాసై, భీమవరంలో ఒక ఐస్ ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయింది మరి. (అక్కడ నా పని ఫ్యూజు పోతే మార్చడం. ఇంట్లో మాత్రం కంట్రోల్ సిస్టమ్స్ చూస్తున్నానని చెప్పుకునేవాణ్ణి.) ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాక తెలియనివి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి గానీ, అప్పటి ఆ ధైర్యం తలుచుకుంటే ముచ్చటా వేస్తుంది, కాస్త భయమూ వేస్తుంది.

ఆ ధైర్యానికి మొదట బలైంది కొవ్వూరులో ఉండే మా మావయ్య. ఆయన రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆ వయసులో చాలామంది భక్తిలో పడతారు; ఆయన మేడమీద గదిలో బొమ్మ రైళ్ళలో పడ్డారు. రెండు పాత తలుపులు పక్కపక్కన పరిచి, వాటి మీద బొటనవేలంత వెడల్పు పట్టాలు వేసి, ఒక కొసన కొవ్వూరు స్టేషను, రెండో కొసన రాజమండ్రి, మధ్యలో తన చేత్తో అతికించిన గోదారి వంతెన పెట్టుకున్నారు. వంతెన కింద పొడవాటి రేకు పళ్ళెం. దానికి నీలం రంగు వేస్తానంటే అత్తయ్య ఒప్పుకోలేదు. గోష్పాద క్షేత్రం రేవు నుంచి బిందెతో నిజం గోదారి నీళ్ళే తెచ్చి పోసింది. ఆ బుల్లి రైలు వంతెన ఎక్కగానే చెంగు సర్దుకుని, దణ్ణం పెట్టుకుని, ఒక రూపాయి నీళ్ళలో వేసేది. రైల్లో గోదారి దాటేటప్పుడు అందరం చేసే పనే కదా, ఎవరం నవ్వేవాళ్ళం కాదు.

నేను నవ్వింది మావయ్య స్విచ్చులు చూసి. పాత పద్ధతిలో పట్టాలకి కరెంటు ఇస్తే దాని మీదున్న రైలు కదులుతుంది, అంతే. అందుకని ఆయన పట్టాలన్నిటినీ ఆరు ముక్కలు చేసి, ముక్కకో స్విచ్చి పెట్టుకుని, ఒక ముక్కలోకి రెండు రైళ్ళు రాకుండా కాపలా కాస్తూ ఉండేవారు. ఇంకా ఈ కాలంలో ఇదేంటి మావయ్యా అని మొదలుపెట్టి, గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. డిజిటల్ చేస్తే పట్టాలన్నీ ఒకటే లైను, కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఒక్కో ఇంజను పొట్టలో ఒక చిప్పు పెడితే దాని నంబరు పిలిచినప్పుడే అది కదులుతుంది, మీరు కుర్చీలో కూర్చుని మూడు రైళ్ళూ ఒకేసారి నడుపుకోవచ్చు. ఆయన అంతా విని, "బానే ఉంది గానీ అల్లుడూ, ఎక్కడైనా తేడా వస్తే?" అన్నారు. తేడా అనే మాట నా డిక్షనరీలో లేదన్నట్టు చూశాను.

మూడు ఆదివారాలు పని చేశాను. వెనక్కి వెళ్ళే ఆలోచనే లేదు కాబట్టి ఆ ఆరు స్విచ్చుల తీగలూ కత్తిరించి, పాత కంట్రోలు పెట్టెని ఇనప సామాన్లవాడికి వేసేశాను. (ఆ తీగలు మావయ్య కళ్ళద్దాలు పెట్టుకుని ఏడాదిపాటు ఒక్కొక్కటే అతికినవి. కత్తిరిస్తుంటే ఆయన పక్క గదిలోకి వెళ్ళిపోయారు.) నాలుగో శనివారం సాయంత్రం మేమిద్దరమే చూసుకుంటే మూడు రైళ్ళూ చక్కగా నడిచాయి. మావయ్య వెంటనే కిందకి వెళ్ళి ముగ్గురు పాత స్నేహితులకి ఫోన్లు చేసి మర్నాడు టిఫినుకి రమ్మన్నారు. వాళ్ళలో ఒకరు ఆయనతో ఏళ్ళ తరబడి పనిచేసిన గార్డు గారు. ఆయన మెచ్చుకుంటే మావయ్యకి పద్మశ్రీ వచ్చినట్టే.

మర్నాడు అందరూ కూర్చున్నారు. నేను డిజిటల్ అంటే ఏమిటో చెప్పి, ఇక ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దని, మావయ్యతో సహా, హెచ్చరించి రైళ్ళు వదిలాను. మొదటి రైలు వంతెన మీదికి వచ్చింది. అత్తయ్య దణ్ణం పెట్టుకుంది. మరుక్షణం మూడు రైళ్ళూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి, నా పెట్టె మీద ఎర్ర లైటు వెలిగింది.

ఎక్కడో షార్టయిందని అర్థమైంది. కొత్త తీగలు నావే కాబట్టి నేరం వాటిదే అనుకుని బల్ల కిందకి దూరాను. వెల్లకిలా పడుకుని జాయింట్లు ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ చుట్టి, మీటరు పెట్టి చూశాను. పైన పెసరట్లు రెండో వాయి కూడా అయిపోయింది. గార్డు గారు "పాత పద్ధతే నయమేమో లెండి" అనడం వినపడింది. చెమటతోపాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ బల్ల మీద నిర్జీవంగా నిలబడింది ఆయన రిటైరైన తర్వాతి బతుకంతా. వెనక్కి వెళ్ళే దారి నేనే కత్తిరించేశాను. చివరికి తల బయటపెట్టి, "నా వల్ల కావట్లేదు మావయ్యా" అన్నాను.

ఆయన నింపాదిగా లేచి, కళ్ళద్దాలు పెట్టుకుని, అత్తయ్యకి వీపు అడ్డంగా పెట్టి వంతెన మీదికి వంగారు. "రైలాగితే ముందు లైను చూడాల్రా, తర్వాతే ఇంజను" అన్నారు నాకు మాత్రమే వినపడేట్టు. నీళ్ళలో బుడుంగుమని చప్పుడైంది. మూడు రైళ్ళూ ఒక్కసారి కదిలాయి. వంతెన కమ్మీల చాటున, రెండు పట్టాల మీదా అడ్డంగా పడి అంతసేపూ లైను షార్టు చేసింది అత్తయ్య రూపాయి. ఆ బిళ్ళ ఇదివరకూ చాలాసార్లు అలాగే పడేదట. అప్పుడు వంతెన ముక్క ఒక్కటే ఆగేది, ఆయన చడీచప్పుడూ లేకుండా తీసి నీళ్ళలో వేసేసేవారు. నేను లైనంతా ఒకటి చేసి, ఒక్క రూపాయితో మొత్తం రైల్వేనే ఆపించాను.

"మావాడు కింద ఏదో సరిచేశాడండి" అన్నారు మావయ్య గార్డు గారితో. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను కూడా సిగ్గు లేకుండా తల పంకించి, రెండు పెసరట్లు ఎక్కువ తిన్నాను. ఆ మరుసటి వారమే వెళ్ళి షార్టయితే వంతెన ముక్క ఒక్కటే ఆగేట్టు దానికి విడిగా కట్-ఔట్ పెట్టి, ఒక చిన్న ఎర్ర లైటు తగిలించాను. రూపాయి సంగతి అత్తయ్యకి చెప్పవద్దని మావయ్య నా చేత ఒట్టు వేయించుకున్నారు.

మొన్న కొవ్వూరు వెళ్ళినప్పుడు కూడా ఆ ఎర్ర లైటు వెలిగింది. మావయ్య మోకాళ్ళు పట్టుకుని లేచి, వీపు అడ్డం పెట్టి, బిళ్ళ తీసి నీళ్ళలో వేశారు. పాపం పెద్దాయన ఎందుకు వంగాలని, వంటింట్లోకి వెళ్ళి, వంతెనకి చిన్న ఏటవాలు రేకు పెడితే రూపాయి దానంతటదే జారిపోతుంది కదత్తయ్యా అన్నాను. ఒట్టు సంగతి గుర్తొచ్చి నాలుక కరుచుకునేలోపే అత్తయ్య అట్టు తిరగేస్తూ అంది: "వద్దురా. ఆ రోజు నేను చూళ్ళేదనుకున్నావా? రిటైరయ్యాక ఆయనకి లైను చూసే డ్యూటీ అదొక్కటే మిగిలింది. అందుకే వారానికోసారైనా గురి తప్పుతూ ఉంటాను."

అన్నీ తెలిసిన ఆ భీమవరం కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ రైళ్ళు ఎలా నడుస్తున్నాయో ఆ ఇంట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకేమీ సలహాలివ్వకుండా అట్టు కోసం పళ్ళెం ముందుకు చాపాను.