ఆంటీ చూడని ఆఖరి ఎపిసోడ్

ఆంటీ పోయారన్న కబురు నాకు ఆమెను వెళ్ళగొట్టిన వాట్సాప్ గ్రూపులోనే వచ్చింది. చేతులు జోడించిన బొమ్మ, తెల్లపూల బొమ్మ, కింద "మనందరికీ అమ్మలాంటి ఆత్మీయురాలు ఇక లేరు" అన్న వాక్యం. పంపింది పారాయణం గ్రూపు పెద్దావిడ. ఆంటీని ఆ గ్రూపులోంచి తీసేసిందీ ఆవిడే. నన్ను తీసేయాలని ఎవరికీ తోచలేదు. నేనెప్పుడూ ఏమీ రాయలేదు కనుక నేనున్నట్టే వాళ్ళకు గుర్తుండదు. జెర్సీ సిటీలో ఆఫీసు రైల్లో నిలబడి చదివాను. కింద వరసగా 'ఓం శాంతి'లు వస్తున్నాయి. ఒక్కో పేరూ ఆగి చదివాను. మర్చిపోకూడదనే చదివాను.

ఆ పెద్దావిడ పేరు ఇక్కడ రాయను. ఈ పత్రిక ఆవిడ ఇంటికీ వెళ్తుంది. చదివితే ఆవిడకే తెలుస్తుంది.

ఆంటీ నాకు చుట్టం కాదు. నేను ఎం.ఎస్. చదివేటప్పుడు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఆమె ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అంకుల్ పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. తెనాలిలో ఒక తమ్ముడున్నారు. మేడమీద రెండు గదులుంటే ఒకటి నాకిచ్చారు, రెండోది వంశీకి. నేను విశాఖలో సిస్టర్ల కాన్వెంటులో చదివినదాన్ని. తలుపు చప్పుడు కాకుండా వేయడం, పుస్తకాలకు అట్టలు వేసుకోవడం, ఎవరైనా అడిగితే తప్ప మాట్లాడకపోవడం నాకు అక్కడే అలవాటయ్యాయి. వంశీది కరీంనగర్. అతను స్నానం చేస్తూ కూడా స్పీకర్‌లో ఫోన్ మాట్లాడేవాడు. పాలడబ్బా మూత ఒక చోట, డబ్బా ఒక చోట. నా గోంగూర సీసా వారం తిరక్కుండా ఖాళీ చేశాడు.

"ఇది నాది," అన్నాను, నాకున్న ధైర్యమంతా కూడగట్టుకుని.

"నీదని ఏడ రాసుంది?"

మర్నాడు అన్ని సీసాల మీదా పేరు రాసి అంటించాను. ఆంటీ ఫ్రిజ్ తెరిచి చూసి చాలాసేపు నవ్వారు.

సీరియల్ మా ఇంట్లోకి వచ్చింది అలాగే. ఓ శుక్రవారం సాయంత్రం ఆంటీ వంటల కార్యక్రమం కోసం రిమోట్ నొక్కుతూంటే, తెర మీద ఒక కుర్రాడు ఫ్రిజ్‌లో పాలడబ్బా మీద తన పేరు అంటిస్తున్నాడు. ఇంకో కుర్రాడు వెనకే వచ్చి ఆ పాలు తాగేస్తున్నాడు.

"అమ్మడూ, ఇలా రా," అని కేకేశారు. "నువ్వూ, వంశీగాడూ టీవీలో వస్తున్నారు."

ఒకే అద్దె ఇంట్లో పొసగని ఇద్దరు కుర్రాళ్ళ కథ అది. ఒకడు లా చదువుతాడు, సాక్సులు కూడా ఇస్త్రీ చేసుకుంటాడు. రెండోవాడు బేకరీలో పని చేస్తాడు, తెల్లారి బూట్లనిండా పిండితో వచ్చి సోఫాలో పడి నిద్రపోతాడు. వాళ్ళకు ఆంటీ మొదటిరోజే పేర్లు పెట్టారు. ఇస్త్రీ, చెదారం. అసలు పేర్లు ఆమెకు చివరిదాకా తెలియవు.

"సౌండ్ తీసెయ్యరా, వీళ్ళు ఇంగ్లీషు నములుతూ మాట్లాడతారు," అనేవారు. సౌండ్ తీసేసి, చిక్కుడుకాయలు తుంచుకుంటూ, ఇద్దరి మాటలూ తనే చెప్పేవారు. ఇస్త్రీకి తెనాలి ప్లీడరు గొంతు. చెదారానికి వంశీ యాస. వంశీ సోఫా మీంచి కిందికి జారిపోయి నవ్వేవాడు. నేను కూడా గట్టిగా నవ్వడం ఆ గదిలోనే నేర్చుకున్నాను.

కొన్నివారాలకు ఆ ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటం మొదలుపెట్టారు. ఒక ఎపిసోడ్‌లో వర్షానికి కరెంటు పోతుంది. చీకట్లో చెదారం తడుముకుంటూ వచ్చి ఇస్త్రీ చెయ్యి పట్టుకుంటాడు. వదలడు. ఆ సీను వస్తుంటే వంశీ లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికిరా? కూర్చో. వాడేదో చెప్పబోతున్నాడు."

వంశీ కూర్చోలేదు. గోడవైపు చూస్తూ, "ఆంటీ, నేను గూడ గంతే," అన్నాడు.

"గంతే అంటే?"

"టీవీల లెక్క."

ఆంటీ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టారు. అతనికి ఆ ఇల్లు తప్ప ఇంకెక్కడా చోటు లేదని నాకు తెలుసు. అంతకుముందున్న అపార్ట్‌మెంట్‌లో స్నేహితులకు తెలిసి సామాను బయట పెట్టారట.

"ఎవరి లెక్క? ఇస్త్రీ లెక్కా, చెదారం లెక్కా?"

"...చెదారం."

"నీ గది చూస్తే అది తెలుస్తూనే ఉంది. మరి ఇస్త్రీ ఎక్కడున్నాడు?"

"ఇంక దొరకలే, ఆంటీ."

"దొరుకుతాళ్ళే. ముందు పాలడబ్బాకి మూత పెట్టడం నేర్చుకో."

అంతే. మళ్ళీ పళ్ళెం ఒళ్ళోకి తీసుకున్నారు. వంశీ కూర్చున్నాడు. ఆ రాత్రి భోజనంలో అతనికి నెయ్యి రెండోసారి వడ్డించారు. అంతకుమించి నాకు తేడా ఏమీ కనిపించలేదు.

శుక్రవారాలు సీరియల్ అయ్యాక ఆంటీ ఇంట్లో పారాయణం జరిగేది. పెద్దావిడతోపాటు చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చేవారు. చాపలు, పుస్తకాలు, ప్రసాదం గిన్నెలు గ్రూపువి. దీపపు కుంది మాత్రం ఆంటీది. వాళ్ళమ్మగారు ఇచ్చినది. ఇత్తడిది. నిలువెత్తు కాదు, మోచేయంత ఉంటుంది. అడుగున, చుక్కలు చుక్కలుగా పొడిచి, వాళ్ళమ్మగారి పేరూ, ఊరి పేరూ ఉంటాయి. మన గిన్నెల కొట్లలో పేర్లు కొట్టించేవారే, అలా. ప్రతి గురువారం చింతపండు పెట్టి దాన్ని తోమే పని నాది. ఆ అక్షరాలు వేలికి తగులుతుండేవి.

ఓ శుక్రవారం సీరియల్ ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. రాత్రికి ఎవరింట్లోనో పుట్టినరోజు ఉందని గ్రూపు వాళ్ళు ముందే వచ్చారు. ఒకావిడ కుంది వెలిగించింది. "కాస్తే ఉంది, కూర్చోండి. పులిహోర వేడిగానే ఉంది," అన్నారు ఆంటీ. తెర మీద ఇస్త్రీ తెల్లవారుజామున బేకరీకి వచ్చాడు. చెదారం పిండి చేతులతో బయటికి వచ్చాడు. ఇస్త్రీ నోరు తెరవబోయాడు.

పెద్దావిడ బల్ల మీంచి రిమోట్ తీసుకుని టీవీ ఆపేసింది.

"ఆ రిమోట్ అక్కడ పెట్టండి వదినా," అన్నారు ఆంటీ.

"దేవుడి దీపం ముందు ఇవేం చూడటాలు? మీ పైగది అబ్బాయి గురించి కూడా వింటున్నాం. మీకు తెలియదేమోనని ఊరుకున్నాం."

వంశీ వంటగది గుమ్మంలో ప్రసాదం గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాకు తెలుసు," అన్నారు ఆంటీ.

"తెలిసీ ఉంచుకున్నారా? ఖాళీ చేయించండి. లేకపోతే ఈ ఇంట్లో మేం పారాయణం చెయ్యం."

"వాడు రోజూ నా గిన్నెలు తోముతాడు. మీ ఆయన తోముతాడా?"

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దావిడ వంగి, కుంది పక్కనున్న చామంతి తీసి, దాంతో వత్తిని నొక్కింది. దీపం కొండెక్కింది. చాపలు చుట్టారు, పుస్తకాలు సర్దారు, సామాన్ల పెట్టెలో కుంది కూడా పెట్టేసుకున్నారు. ఆంటీ చూస్తూ నిలబడ్డారు తప్ప ఒక్క అడుగు కదల్లేదు. కార్లు వెళ్ళిపోయాక, "మా అమ్మ కుందిని నా ఇంట్లో వేరేవాళ్ళు కొండెక్కించారు," అన్నారు. ఆ ఒక్క మాటే.

మర్నాడు ఫోన్ చేసి అడిగారు. "అది గ్రూపుది కదా వదినా," అంది పెద్దావిడ. ఆంటీ ఇంకోసారి అడగలేదు. సాయంత్రానికి ఆమెను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

టీవీలో రికార్డయిన ఆ ఎపిసోడ్‌ను వంశీ మళ్ళీ పెట్టబోతే ఆంటీ వద్దన్నారు. "నా కుంది ఇంటికొచ్చాక చూద్దాం ఆఖరిది. అది వచ్చేదాకా ఎవరూ చూడకూడదు."

"రాకపోతే?"

"ఎందుకు రాదు? అడుగున మా అమ్మ పేరుంది. ఏదో ఒక రోజు నలుగురిలో తిరగేస్తాను."

కాన్వెంటులో సిస్టర్లు మాచేత రోజూ క్షమించమని ప్రార్థన చేయించేవారు. ఆ సంగతి ఆంటీతో అన్నాను. "వాళ్ళకేం, వాళ్ళ దీపం ఎవరూ ఎత్తుకుపోలేదు," అన్నారు. ఇంకోసారి ఆవకాయ జాడీకి గుడ్డ కడుతూ, "కోపం కూడా ఇంతేనమ్మడూ. తడిచెయ్యి పెట్టకుండా దాచుకుంటే ఏళ్ళు నిలవుంటుంది," అన్నారు. ఆమె ఎప్పుడూ అరిచేవారు కాదు. శుక్రవారం సాయంత్రం మాత్రం గడియారం చూసి, "ఇప్పుడు నా కుంది వాళ్ళ మొహాలు చూస్తూ వెలుగుతోంది. పాపం," అనేవారు. ఆ 'పాపం' కుందికే.

తర్వాత ఆమె కిడ్నీలు పాడయ్యాయి. నాకు ఉద్యోగం వచ్చి నేను జెర్సీ సిటీ వెళ్ళిపోయాను. డయాలసిస్‌కి దింపడం, తీసుకురావడం అన్నీ వంశీయే. ఇర్వింగ్‌లోనే లాస్ కొలీనాస్ వైపున్న తన ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళి, రాత్రి ఇంట్లో పని పూర్తి చేసుకునేవాడు. అదే ఊళ్ళో, అవే రోడ్ల మీద తిరిగే ఆ గ్రూపులోంచి ఒక్కరూ చూడటానికి రాలేదు. ఆంటీ ఫోన్లో నాతో మాట్లాడినప్పుడల్లా, "ఇస్త్రీ ఏం చెప్పుంటాడంటావ్?" అని అడిగేవారు. వెతికి తెలుసుకోవడం ఒక నిమిషం పని. ముగ్గురిలో ఎవరమూ వెతకలేదు.

దహనానికి నేను అందుకోలేకపోయాను. తమ్ముడుగారు తెనాలి నుంచి ఫోన్లో చెబితే వంశీయే అన్నీ చేశాడు. సంస్మరణ సభ మాత్రం గ్రూపు వాళ్ళు హాలు తీసుకుని పెట్టారు. దానికి వెళ్ళాను. ఆంటీ ఫొటోకు పెద్ద దండ. ఫొటో ముందు, వత్తి వేసి, నూనె పోసి, ఆంటీ కుంది.

వంశీ పెద్దావిడ దగ్గరికి వెళ్ళాడు. "దీపం నేను ముట్టిస్తనండి. వాళ్ళ తమ్ముడు గూడ నన్నే ముట్టియ్యమన్నడు."

"కుటుంబం వాళ్ళు వెలిగించాలి బాబూ."

"ఈడ కుటుంబం ఎవరున్నరండి?"

"మేమే," అని ఆవిడే వెలిగించింది. వంశీ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. మెడలో ఆంటీ కొనిచ్చిన టై. అతను ఆ ఉదయమంతా ఆ ఒక్క పని కోసమే తయారయ్యాడు.

ఉపన్యాసాలు జరిగాయి. ఆంటీ సహనం గురించి మాట్లాడారు. అందరినీ క్షమించే గుణం గురించి పెద్దావిడే మాట్లాడింది. విన్నాను. తర్వాత భోజనాలన్నారు. అందరూ లేచి పళ్ళేల వైపు వెళ్ళారు. నేను కుర్చీ లాక్కుని కుంది పక్కన కూర్చున్నాను.

దీపాన్ని ఆర్పే ఉద్దేశం నాకు లేదు. ఆ పని ఆవిడది. నేను కాచుకుని కూర్చున్నాను, అంతే. నూనె తగ్గుతోంది. కాసేపటికి పెద్దావిడ నూనె సీసాతో వచ్చింది.

"కాస్త జరుగమ్మా, నూనె పోస్తాను."

"వద్దండి."

"కొండెక్కుతుందమ్మా."

"ఎక్కనివ్వండి."

ఆవిడ నా మొహం అప్పుడే మొదటిసారి చూసినట్టుంది. సీసా పట్టుకుని నిలబడింది. పళ్ళేలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు దగ్గరికి వచ్చారు. వత్తి ఎర్రబడి, ఒకసారి పైకి లేచి, కొండెక్కింది. చున్నీతో కుందిని పట్టుకుని ఎత్తాను.

"అది గ్రూపుదమ్మా."

తిరగేసి ఆవిడ ముందు పెట్టాను. "చదవండి."

ఆవిడ చదవలేదు. పక్కనున్నావిడ వంగి, పైకే చదివింది. ఆంటీ వాళ్ళమ్మగారి పేరు, ఊరు. ఒకరి తర్వాత ఒకరు పళ్ళేల్లో చెంచాల చప్పుడు ఆపారు.

"అందరి ముందూ ఇలా చేస్తారా?" అంది పెద్దావిడ, మెల్లగా.

"ఆ రోజు కూడా అందరూ ఉన్నారండి."

కుంది తీసుకెళ్ళి వెనక వరసలో వంశీ చేతుల్లో పెట్టాను. ఇద్దరం భోంచేయకుండా వచ్చేశాం. కారు అతను నడిపాడు. కుంది నా ఒళ్ళో వెచ్చగా ఉంది. అడుగున మిగిలిన కాస్త నూనె చున్నీలోకి ఇంకింది. ఆ మరక నేను ఉతికి వదిలించలేదు.

ఆంటీ ఇల్లు ఈ నెలాఖరుకు ఖాళీ చేయాలి. సామాను సగం సర్దేసి ఉంది. ఆమె కుర్చీ, టీవీ మిగిలాయి. ఎండ దిగుతుండగా కుందిని టీవీ పక్కన పెట్టాం. "నువ్వు ముట్టియ్యి," అన్నాడు. నేను అగ్గిపెట్టె అతని చేతికిచ్చాను. అతను వెలిగించాడు.

రికార్డయిన ఎపిసోడ్‌ను ఆ రోజు ఆగిపోయిన చోటి నుంచే పెట్టాం. బేకరీ ముందు ఇద్దరూ. వంశీ సౌండ్ తీసేశాడు. ఇస్త్రీ పెదవులు కదిలాయి. చెప్పేవాళ్ళు లేరు. చెదారం ఏదో అడిగాడు. ఉన్నట్టుండి వంశీ, "ఇంత పొద్దుగాల ఎందుకొచ్చినవ్?" అన్నాడు, తెర వైపే చూస్తూ. తర్వాత ఆగాడు. ఇస్త్రీ తల దించుకుని, మళ్ళీ ఎత్తాడు. నాకు తెనాలి ప్లీడరు గొంతు రాదు. నా గొంతే వచ్చింది.

"పాలు అయిపోయాయి," అన్నాను. "ఇద్దరం వెళ్ళి తెచ్చుకుందాం, రా."

తెర మీద పిండి చెయ్యి ఒకటి ఇస్త్రీ చొక్కా మీద పడింది. తెల్లటి వేళ్ళ ముద్ర. వాడు దులుపుకోలేదు. కథ అయిపోయి తెర నల్లబడ్డాక అందులో కుంది వెలుగు, దాని వెనక ఖాళీ కుర్చీ కనిపించాయి. వంశీ లేచి వెళ్ళి నూనె సీసా తెచ్చాడు.