అన్నయ్య ఎదుట తాగనివాడు

భూషణం లాంటి మర్యాదస్తుడు మరొకడు ఉండడని, అతను పోయిన రోజు వచ్చిన ప్రతివాడూ అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. ఆ మర్యాదే అతన్ని తినేసింది. అందులో నేనూ ఓ చెయ్యి వేశాను.

నాచారంలో మాది పాత అపార్ట్‌మెంట్. మొదటి అంతస్తులో పట్టాభిరామయ్యగారు, రెండో అంతస్తులో ఆయన తమ్ముడు భూషణం, అతని ఎదురు వాటాలో నేను. వాళ్ళది తెనాలి వైపు. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి పట్టాభిరామయ్యగారే పెంచారు, చదివించారు, హబ్సిగూడలో తాను పనిచేసే ఆఫీసులోనే స్టోర్స్ గుమాస్తాగా వేయించారు, పెళ్ళీ చేశారు. భూషణం రోజుకు పదిహేను సిగరెట్లు తాగేవాడు. అన్నయ్య ఎదుట మాత్రం ముప్ఫై అయిదేళ్ళలో ఒక్కటి వెలిగించలేదు. అన్నయ్యకు ఆ సంగతి తెలియదని అతని నమ్మకం. తెలిస్తే ఆ మొహం ఎలా చూడాలన్నది అతని భయం. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రిటైర్మెంటుకు రెండేళ్ళున్న మనిషి, ఏలక్కాయలు నముల్తూ మెట్లెక్కేవాడు.

ఓసారి ఆ మెట్ల మీదే అన్నగారు ఎదురయ్యారు. భూషణం వెలుగుతున్న సిగరెట్టును గుప్పిట్లో మూసేశాడు. "ఏరా, నీళ్ళ ట్యాంకరు వచ్చిందా?" అని ఆయన అడిగితే, "వచ్చింది అన్నయ్యా" అన్నాడు. ట్యాంకరు ఎన్నింటికి వచ్చిందో, ఎవరు ఎన్ని బిందెలు పట్టారో అన్నీ ఆయన అడిగారు, అన్నీ ఇతను చెప్పాడు. అరచేతిలో బొబ్బ పది రోజులకు గానీ మానలేదు. నేను పగలబడి నవ్వాను.

ఉప్పల్ మెట్రో మెట్ల కింద తాగుతుంటే ఒకసారి పట్టుకుని జరిమానా రాశారు. రసీదులో నా పేరు చెప్పి వచ్చాడు పుణ్యాత్ముడు. ఇదేమిటయ్యా అంటే, "మీకైతే అన్నయ్య లేడు కదండీ భాస్కర్‌గారూ" అన్నాడు. సినిమా హాల్లో పొగాకు మానమనే ప్రకటన వచ్చి నోరు పుచ్చిపోయిన మనిషిని చూపిస్తుంటే, అన్నగారి పక్క సీట్లో కూర్చుని "ఛీ, ఎలా తాగుతారో వెధవలు" అనేవాడు. పట్టాభిరామయ్యగారు తల పంకించేవారు.

మా కాలనీ సంఘానికి ఆయనే అధ్యక్షులు. బడికి వంద గజాల లోపు సిగరెట్లు అమ్మకూడదని చట్టం. మా వీధి మొదట్లో సూర్యకళ పాన్ డబ్బా ఉండేది, ఆ వెనక సందులో బడి. రెండేళ్ళ కిందట ఒక పొద్దున ఆయన టేపు పట్టుకుని బయల్దేరారు. రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలిగా, తమ్ముణ్ణి పిలిచారు. బడి గేటు నుంచి డబ్బా దాకా తొంభై ఒక్క గజాలు తేలింది. మర్నాటికల్లా అర్జీ వెళ్ళింది, వారం తిరక్కుండా డబ్బా లేచిపోయింది.

కొలుస్తున్నంతసేపూ సూర్యకళ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "సూడున్రి, పొద్దుగాల నా తాన తాగిపోయినోడే గా కొస పట్టుకున్నడు. జర సిగ్గుండాలె" అంది. భూషణం తలొంచుకుని టేపు చుట్టాడు. ఆమె పోయి ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ గోడ పక్కన పెట్టె పెట్టుకుంటే, అంత దూరం నడిచి ఆమె దగ్గరే కొనేవాడు. ఆమె తిట్టి మరీ ఇచ్చేది. అతను తిట్లు కూడా మర్యాదగానే పుచ్చుకునేవాడు.

కిందటి వానాకాలంలో భూషణానికి దగ్గు పట్టుకుంది. నెలయినా తగ్గలేదు. ఉప్పల్‌లో ఊపిరితిత్తుల డాక్టరు ఉందంటే నా కార్లో తీసుకెళ్ళాను. భార్య తారామణి వస్తానంది గానీ, "నేనున్నానుగా అమ్మాయ్" అని పట్టాభిరామయ్యగారు బయల్దేరారు. డాక్టర్ అమృత గదిలో ముగ్గురం కూర్చున్నాం. మధ్యలో భూషణం, అటు అన్నగారు, ఇటు నేను.

ఆమె ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూసింది. కుడివైపు పైన ఒక మచ్చ.

"అంకుల్, సిగరెట్ అలవాటు ఉన్నదా? ఎప్పుడన్న తాగిండ్రా?" అంది. "ఇది దాచొద్దు. తాగేటోళ్ళయితే ఇయ్యాలనే స్కాన్ తీసి, ముక్క పరీక్షకు పంపుత. తాగరంటే ముందు టీబీ అనుకొని రెండు నెలలు మందులిచ్చి జూద్దాం. గీ మచ్చ రెండిట్ల దేనిదన్న కావొచ్చు."

ఇంతకంటే విడమరిచి ఏ డాక్టరూ చెప్పదు. భూషణం చెయ్యి బల్ల కింద నా మోకాలు పట్టుకుని నొక్కింది.

"అబ్బే, లేదండీ. మా ఇంటావంటా లేదు" అన్నాడు.

"మా పెంపకం అలాంటిది కాదమ్మా" అన్నారు పట్టాభిరామయ్యగారు.

డాక్టరు నా వైపు కూడా చూసింది. నా చొక్కా జేబులో సిగరెట్టు పెట్టె ఉంది, తనవి అయిపోయాయని అందులోంచి పొద్దున రెండు అతనే తీసుకున్నాడు. నేను గోడ మీద ఊపిరితిత్తుల బొమ్మ చూస్తూ కూర్చున్నాను. అన్నగారి ముందు స్నేహితుణ్ణి పట్టిచ్చిన పాపం నాకెందుకనుకున్నాను. ఆమె కాగితం మీద రాసుకుంది.

టీబీ మందులు మొదలయ్యాయి. కళ్ళెలో క్రిమి దొరకలేదు, అయినా వాడమన్నారు. మూత్రం ఎర్రగా వస్తోందని భయపడితే అది మందు రంగేనన్నారు. మాత్ర మింగి అరగంట ఆగి, మా డాబా మీద నీళ్ళ ట్యాంకు చాటున సిగరెట్టు వెలిగించేవాడు. "ఆ డాక్టరమ్మకు చెప్పేద్దామయ్యా" అని నేనంటే, "అన్నయ్యకు తెలుస్తుందండీ, వద్దు" అని ఒట్టేయించుకున్నాడు. అన్నగారికి తెలియకుండా నేనొక్కణ్ణీ వెళ్ళి చెప్పి రావచ్చు. ఉప్పల్ ఎంత దూరం, పది నిమిషాలు. వెళ్ళలేదు. ఒట్టు అన్నది వట్టి సాకు, నాకు బద్ధకం, పిరికితనం, అంతే.

మూడో నెలలో తొమ్మిది కిలోలు తగ్గాడు. ఒకరోజు దగ్గులో రక్తం పడింది. అప్పుడు స్కాన్ తీశారు. మచ్చ పెరిగి కాలేయానికీ వెన్నెముకకూ పాకింది. క్యాన్సర్ ఆసుపత్రికి తారామణి వెంట వెళ్ళింది. అక్కడి డాక్టరు, ఎన్నేళ్ళుగా తాగుతున్నారని అడిగితే, "ముప్ఫై అయిదేళ్ళండి" అని ఆమే చెప్పిందట. ఆయన పాత కాగితాలు తిరగేసి, అలవాటు లేదని రాసి ఉందేమిటన్నాడట. ఆ రోజే తెలిస్తే ఆపరేషన్‌కు అవకాశం ఉండేదన్నాడట. ఎందుకు చెప్పలేదంటే భూషణం, "అన్నయ్య పక్కనే ఉన్నారండీ" అన్నాడట. ఆ డాక్టరు ఏ దేశం వాడో పాపం, ఆ జవాబు అర్థంకాక మళ్ళీ అడిగాడట.

ఇదంతా తారామణి మా గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఈయన మర్యాద మండిపోను. ఆ రోజు నన్ను వెళ్ళనిచ్చి ఉంటే నేను చెప్పేదాన్ని కదా అన్నయ్యగారూ? మీరు లోపలికి వెళ్ళలేదా?" అంది.

"కారు దగ్గరే ఉన్నానమ్మా" అన్నాను.

చివరి నెల రోజులు పట్టాభిరామయ్యగారు తమ్ముడి మంచం వదల్లేదు. పొద్దున ఆరింటికి పేపరు పట్టుకుని వచ్చి కూర్చుంటే, మళ్ళీ పడుకునే వేళకే కిందికి దిగేవారు. ప్రేమ లేదని నేననను. తన చేత్తో మజ్జిగ పట్టేవారు, కాళ్ళు పిసికేవారు. ఇక ఏం తాగినా ఒకటేనని డాక్టర్లే అన్నారు, భూషణం ప్రాణం ఒక్క సిగరెట్టు కోసం కొట్టుకుంటోంది, ఈయన కుర్చీ కదలదు. "కాసేపు నడుం వాల్చండి బావగారూ" అని తారామణి రోజుకు పదిసార్లు బతిమాలేది. "వాణ్ణి వదిలి ఎలా వెళ్ళనమ్మాయ్" అనేవారు. మగతలో భూషణం రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టుకుని పీల్చేవాడు. "దాహంగా ఉందల్లే ఉంది, నీళ్ళు పట్టు" అనేవారాయన. నీళ్ళు పట్టేది. అలాగే ఒక మధ్యాహ్నం పోయాడు.

పదో రోజు కాప్రా చెరువు ఒడ్డున పిండాలు పెట్టారు. కొడుకు అభినవ్ విస్తరి పరిచి దూరం జరిగాడు. గారెలు, బొబ్బట్లు, గోంగూర, ఫిల్టరు కాఫీ అన్నీ ఉన్నాయి. కాకులు చెట్టు మీద ఉన్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. గంట గడిచింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. "ఆయనకిష్టమైనది ఏదో మర్చిపోయారు, చూసుకోండి" అన్నాడు పంతులు.

తారామణి నా వైపు చూసింది. ఇంకా దాచేదేముంది, పోయినవాడికి ఒక్కటైనా దక్కనీ అనుకుని, జేబులోంచి నా పెట్టె తీసి, అన్నగారి మొహం చూడకుండా వెళ్ళి విస్తరి పక్కన పెట్టాను. ఆయన తిడతారనే అనుకున్నాను.

పట్టాభిరామయ్యగారు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, విసుక్కున్నారు. "అది కాదోయ్ భాస్కరం. వాడు తాగేది ఆకుపచ్చ పెట్టె, మెంతాల్. ఇది ముట్టడు."

ఆయనకు తానేమన్నదీ పట్టినట్టు లేదు, ఆకుపచ్చ పెట్టె తెమ్మని అభినవ్‌కు చెబుతున్నారు.

"మీకు తెలుసా బావగారూ?" అంది తారామణి.

"తెలియకేం అమ్మాయ్? ముప్ఫై ఏళ్ళ నుంచీ తెలుసు. నా ముక్కు బాగానే పనిచేస్తుంది. నా ఎదుట తాగలేదు, నాకదే చాలు."

"మరి డాక్టరమ్మ అడిగినప్పుడు?"

"పరాయి మనిషి ముందు నేను బయటపెడితే వాడి పరువేం కావాలి? మళ్ళీ జన్మలో నా మొహం చూసేవాడా?" అన్నారాయన. తర్వాత, తప్పంతా తన ఒక్కడి మీదే పడుతున్నట్టు తోచిందో ఏమో, చెయ్యెత్తి నన్ను చూపించారు. "నేనొక్కణ్ణేనా ఏమిటి? భాస్కరం కూడా ఆ గదిలోనే ఉన్నాడుగా. వాడి పక్కనే కూర్చున్నాడు. తను చెప్పాడా?"

తారామణి నా వైపు తిరిగింది. తిడితే బాగుండేది. వంగి, విస్తరి పక్కనుంచి పెట్టె తీసి, అంటిన ఇసుక పైటకొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"మీది మీరు ఉంచుకోండి" అంది.