కుండ కన్నా ముందు తడిక

సలోమి సిస్టర్ ప్రభువునందు నిద్రించారన్న వార్త సోమవారం పొద్దున్న పూర్ణా మార్కెట్లో నా చెవిన పడింది. “ఏ సలోమి సిస్టర్?” అని అడిగాను. తెలిసే అడిగాను. మరొక సలోమి అయి ఉండాలని ఎంత స్వార్థంగా కోరుకున్నానో! నాకు నర్సు పని నేర్పిన గురువు ఆవిడ. ఆ కరుణామూర్తి గురించి రాసే అర్హత నాకుందో లేదో గానీ, రాయకుండా ఉండలేను.

ఉక్కునగరం ఇంకా పునాదుల్లో ఉన్న రోజులవి. గాజువాక అవతల ఒక కాంట్రాక్టరు పనిచోట, రేకుల షెడ్డులో మా ప్రథమచికిత్స గది. ఆవిడ పెద్ద నర్సు, నేను కొత్తగా చేరిన చిన్న నర్సుని. ఎండాకాలం వస్తే కాంక్రీటు తట్టలు మోసే ఆడకూలీలు ఒకరి తర్వాత ఒకరు కళ్లు తిరిగి పడిపోయేవారు. మంచినీళ్ల కుండలు పెట్టించాను. మగవాళ్ల వైపు కుండ అడుగంటేది, ఆడవాళ్ల వైపుది నింపింది నింపినట్టే ఉండేది. “మొండి మనుషులు, చెబితే వినరు” అని నోరు పారేసుకునేదాన్ని. నా నోరు అప్పట్లో పెద్దది, ఇప్పుడూ చిన్నదేం కాదు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం పైడమ్మ అనే కూలీని మోసుకొచ్చారు. నాలుక ఎండి పిడచకట్టింది. పిలిస్తే మూలుగే తప్ప కళ్లు తెరవదు. నేను గ్లాసు నోటి దగ్గర పెట్టబోతే సిస్టర్ చెయ్యి పట్టుకున్నారు. “స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయమ్మా. ముందు ఒళ్లు చల్లబరుచు. జీపు పిలిపించు.” తడిగుడ్డలు కప్పి విసనకర్రతో విసిరాం. కాసేపటికి కళ్లు తెరిచి “అమ్మా” అంది. మింగగలదని చూసుకున్నాకే, లీటరు మంచినీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, చెంచాతో పోశారు. కక్కేసింది. “ఇంకొద్దు సిస్టరమ్మా, డోకేత్తంది” అని ఆమె భర్త చెయ్యి అడ్డం పెట్టాడు. పది నిమిషాలాగి సిస్టర్ మళ్లీ పోశారు. ఈసారి ఇమిడింది. జీపులో ఆసుపత్రికి చేర్చాం. బతికింది.

మూడోనాడు సిస్టర్‌తో కలిసి ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లి నేను అలవాటుగా మొదలెట్టాను: “ఎదురుగా కుండ పెట్టుకుని తాగకపోవడమేమిటే?” సిస్టర్ నన్ను ఊరుకోమని సైగ చేసి, మంచం పక్కన కూర్చున్నారు.

“ఎందుకు తాగలేదు తల్లీ?”

“తాగితే ఎక్కడికెల్తానమ్మా? సుట్టూ మగోల్లే. పొద్దున్న సీకట్న ఎల్తాం, మల్లీ సీకటి పడ్డాకే. ఏటి సెయ్యమంతారు?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆడదాన్నై ఉండీ నాకిది తోచలేదు.

ఆ సాయంత్రమే సిస్టర్ ఇంజనీరు గదికి వెళ్లి, కుండ కన్నా ముందు ఆడవాళ్లకి మరుగు కావాలన్నారు. “మందుల సంగతి మీరు చూడండి, కట్టడాలు మేం చూస్తాం” అన్నాడాయన. సిస్టర్ ఆయన గదినానుకుని ఉన్న మరుగుదొడ్డి తలుపు చూపించారు. “రేపు పొద్దుణ్ణుంచి చీకటి పడేదాకా మీరు అటు వెళ్లకుండా ఉండండి బాబూ. తర్వాత మాట్లాడుకుందాం.” ఆయన ముఖం కందిపోయింది. రెండు రోజుల్లో తాటాకు తడికలు లేచాయి. వారం తిరక్కుండా ఆడవాళ్ల కుండ మధ్యాహ్నానికే ఖాళీ అయింది.

“దాహం వేసేదాకా ఆగడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే” అనేవారు ఆవిడ. ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ తాగించేవారు. మూత్రం పచ్చబడితే ఒళ్లు నీళ్లడుగుతోందని చెప్పేవారు. విరేచనాలప్పుడు బిడ్డకి నీళ్లు మానిపించే తల్లులతో మాత్రం, “చిల్లుబిందెలో నీళ్లు పోయడం మానేస్తే చిల్లు పూడుతుందా అమ్మా?” అని నవ్వేవారు. అంతటి ఓర్పు మళ్లీ ఎవరిలోనూ చూడబోను.

మంగళవారం సమాధి చేశాం. నిన్న డ్యూటీకి వెళ్లాను. విరేచనాలతో ఒక బిడ్డని తెచ్చారు. గుక్కపట్టి ఏడుస్తోంది, కంట చుక్క లేదు. తల్లి పొద్దుణ్ణుంచి నీళ్లు పట్టలేదట. తిట్టడానికి నోరు తెరిచాను. మూసుకుని, ఆమె పక్కన కూర్చున్నాను. “ఎందుకు పట్టలేదమ్మా?” అత్తగారు వద్దందట, వాంతులు పెరుగుతాయని. ఇద్దరం కలిసి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచా చెంచాగా పట్టాం. సాయంత్రం బిడ్డ మళ్లీ ఏడ్చింది. ఈసారి బుగ్గల మీదుగా కన్నీళ్లు కారాయి.

సిస్టర్‌కి చెబుదామని లేచి గుమ్మం దాకా వెళ్లాను. ఆవిడ లేరన్న సంగతి నాకు పూర్తిగా తెలిసింది అప్పుడే. అందుకని ఇక్కడ రాస్తున్నాను. బిడ్డ బాగుంది, సిస్టర్.