ఎత్తని ఎర్రజెండా

కడప విమానాల మైదానంలో వాతావరణం చూసే కొలువు ఉరుకుందప్పది. గాలి వాటం పట్టడం, మబ్బును చూసి ఎత్తు చెప్పడం అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి చూసి నేర్చుకున్నాడు. ఉరుము మబ్బు కనబడితే వైర్‌లెస్ గదికి చీటీ పంపాలి, వెంటనే స్తంభానికి ఎర్రజెండా ఎత్తాలి. మబ్బు ఏ దిక్కున ఉంది, ఎటు కదులుతోంది, ఎంతసేపు భయం, చీటీలో ఇంతే. ఆ మాట పైన ఎగురుతున్న పైలట్‌కు చేరుతుంది.

మద్రాసు నుంచి టపా తెచ్చే పైలట్ దిగగానే అతని దగ్గరే టీ తాగేవాడు. "నీ చీటీ నమ్మి కండ్లు మూసుకోని దిగుతానప్పా" అని వచ్చీరాని తెలుగులో నవ్వేవాడు.

1955లో ఆ జెండా చూసి చుట్టుపక్కల రైతులు వాన వస్తుందని విత్తారు. మబ్బు దుమ్ము చల్లి పోయింది. మరుసటేడు మృగశిర కార్తెలో, విత్తనాల గంపలతో కంచె దగ్గర నిలబడ్డవాళ్లలో మారెన్న కేకేశాడు.

"ఏమప్పా, మళ్లా గుడ్డ ఎగరేస్తాండావా? పోయినేడు తినే గింజలు గూడా మట్టిలో పోసినా!"

"అది మీకు గాదు మారెన్నా, పైన పోయేవాళ్లకు."

"పైనోళ్లకు జెండా, కిందోళ్లకు దుమ్ము. శానా బాగుండాది నీ కొలువు!"

అందరూ నవ్వారు. ఉరుకుందప్ప నవ్వలేదు. ఉత్తరాన మబ్బు లేచింది. దాని కింద వాన చారలు నేలను తాకకుండానే ఆరిపోతున్నాయి. ఇది కురవదు. జెండా ఎత్తితే వీళ్లు విత్తుతారు. చీటీ పంపి జెండా ఎత్తకుండా ఉండే వీల్లేదు. రెండూ ఆపి కాసేపు చూద్దామనుకున్నాడు.

కురవని మబ్బు కిందే గాలి నేలకేసి కొడుతుందని అతనికి తెలుసు. తెలిసీ గంపల వైపే చూశాడు.

అరగంటకు దుమ్ము గోడలా లేచింది. దిగబోతున్న టపా విమానాన్ని గాలి నేలకు కొట్టింది. కంచె దూకి అందరికంటే ముందు పరుగెత్తింది మారెన్నే. పైలట్‌ను బయటికి లాగేసరికి ఊపిరి లేదు.

"నా మాటకేనా అప్పా, నువ్వు ఎత్తకుండా నిలిచింది?" అని అడిగాడు మారెన్న.

"మబ్బును చూసింది నేను మారెన్నా. నువ్వు గాదు."

"మబ్బు మూడూ నలభైకి కనబడిందని రాయి, ఎవరికి తెలుస్తాది?" అన్నాడు వైర్‌లెస్ గుమాస్తా, జాలిగా. ఉరుకుందప్ప రోజూ గాలి, మబ్బు రాసే పుస్తకం తెరిచి, 'మూడూ పదికి చూశాను. చీటీ పంపలేదు' అని రాశాడు.

నాలుగు గంటలకు మళ్లీ గాలి చూడాలి. లేచి చూశాడు. ఆకు కూడా కదలడం లేదు. అదీ రాశాడు.