వెల్డా వద్దన్న ఇల్లు

ఏటా కార్చిచ్చు భయంతో బతికే మా మాంజనీటా గుట్ట మీద వెల్డా హాస్కెల్ వస్తోందంటే జనం ముందు తమ ఇంటి చూరు వంక చూసుకునేవారు. చూరు కింది వాననీటి గొట్టంలో ఎండిన పైన్ ఆకులు కనపడినా, గోడకు ఆనించి కట్టెలు పేర్చి ఉన్నా ఆమె ఎవరినీ అడగకుండా గేటు తోసుకుని లోపలికి వచ్చేసేది. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. గుట్ట మీద సగం మందిని చిన్నప్పుడు మెడపట్టి సీట్లో కూర్చోబెట్టింది ఆమే. అందుకని ఎవరూ పోలీసుల్ని పిలిచేవారు కాదు.

"వెల్డమ్మా, అవి నా కట్టెలు," అని గొణిగేవారు.

"నీవే. నీ ఇల్లు కాల్చేవి కూడా నీవే. ముప్పై అడుగులు అవతల పేర్చుకో," అంటూ ఆ వరసను కాలితో తన్ని పడగొట్టేది.

ఆ కోపం ఎక్కడ మొదలైందో అందరికీ తెలుసు. పదకొండేళ్ళ కింద జూన్‌లో, ఎండుగడ్డి కోశారో లేదో చూసే కౌంటీ తనిఖీ మర్నాడు ఉందనగా, ఇంటి వెనక గడ్డి మోకాలెత్తు ఉంది. భర్త క్లీటస్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు కోస్తానన్నాడు. పొద్దున్నే తనిఖీవాళ్ళు వస్తారు, ఈ పూటే కొయ్యమని వెల్డా పోరింది. అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. పొద్దున తొమ్మిది దాటాక ఎండుగడ్డిలో ఇనుప బ్లేడు తిప్పకూడదని మా గుట్ట మీద అడుగు వెయ్యడం నేర్చిన ప్రతివాడికీ తెలుసు. క్లీటస్‌కీ తెలుసు. పోరు పడలేక యంత్రం తీశాడు. మూడో వరసలో బ్లేడు రాయికి తగిలి నిప్పు రేగింది. చొక్కా విప్పి మంటను కొడుతూ నిలబడ్డాడు. గాలి తిరిగింది. కంచె దగ్గర దొరికాడు, తీగను రెండు చేతులతో పట్టుకుని.

పక్క ఇల్లు క్లీటస్ తమ్ముడు ఆరిన్‌ది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఏడాది, ఒకరి దూలాలు ఒకరు మోస్తూ కట్టుకున్నారు. అన్నను పూడ్చిన నెలలోనే ఆరిన్ పద్నాలుగు జూనిపర్ మొక్కలు తెచ్చి తన ఇంటి దారికి రెండు పక్కలా, కిటికీల కింద పాతాడు. చూడటానికి పచ్చగా ఉండే చెట్టే, కానీ లోపలంతా నూనె. మా ఫైరింజన్ వాళ్ళు దాన్ని పచ్చ పెట్రోలు అంటారు. తియ్యమని వెల్డా వెళ్ళి అడిగితే ఆరిన్ అరుగు మీంచి లేవలేదు.

"నీ మొహం కనపడకూడదని పెట్టాను వదినా. ఇంకో రెండేళ్ళు పెరగనీ, నీ గొంతు కూడా వినపడదు."

"అంటుకుంటే నీ ఇల్లు పది నిమిషాలు నిలవదురా."

"గడ్డి కోయించి మా అన్నను చంపావు. ఇక నా చెట్లు కోయించు."

ఆ మాటకు వెల్డా అరుగు మీదున్న అతని కాఫీ కప్పు తీసి గోడకేసి కొట్టి వచ్చేసింది.

కొండ మీదికి మంట ఎక్కుతున్నప్పుడు ఫైరింజన్ ప్రతి గేటు ముందూ అర నిమిషం ఆగుతుంది. దాని దళపతి లోపలికి ఒక చూపు చూస్తారు. బండి తిప్పుకోవడానికి చోటుందా, గోడ చుట్టూ నేల ఖాళీగా ఉందా, మనుషులు ప్రాణాలతో బయటికి రాగలరా అని చూస్తారు. లేదనిపిస్తే గేటుకు పసుపు రిబ్బను కట్టి ముందుకు పోతారు. ఆ ఇంటికి ఇక ఎవరూ రారు. గుట్ట మీద ఒక్క గేటుకు కూడా ఆ రిబ్బను పడకూడదన్నది వెల్డా పంతం. ఆమె ఫైరింజన్ దళానికి నీళ్ళ ట్యాంకరు నడిపేది, ఉచితంగా. మిగతా అన్ని ఇళ్ళనూ తిట్టో తన్నో దారికి తెచ్చింది. ఆరిన్ ఇల్లు ఒక్కటే మిగిలింది.

నిరుడు మే నెలలో అతను దాణా కోసం ఊళ్ళోకి వెళ్ళడం చూసి మోటారు రంపం పట్టుకుని వెళ్ళింది. రెండు చెట్లు నేలకు కోసేసి మూడోదాని మీద ఉండగా ఆరిన్ పికప్ వచ్చింది. అతను దిగి, బండి వెనక నుంచి పార తీసుకుని ఆమె ఎడమ చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు రంపం మోతలో కూడా తనకు వినిపించిందని ఆమె తర్వాత చెప్పింది. రంపం కింద పడి తిరుగుతూనే ఉంది. కుడి పిడికిలితో అతని నోటి మీద గుద్దింది. రెండు పళ్ళు ఊడి జూనిపర్ పొట్టులో పడ్డాయి.

షెరిఫ్ మనిషి వచ్చేసరికి ఇద్దరూ చెరో మొద్దు మీద నెత్తురోడుతూ కూర్చుని ఉన్నారు.

"ఫిర్యాదు ఎవరు రాస్తారు?" అన్నాడతను.

"పార జారింది," అంది వెల్డా.

"నేను గుమ్మానికి కొట్టుకున్నాను," అన్నాడు ఆరిన్.

"ఇది పళ్ళున్న గుమ్మంలా ఉందే," అని అతను వెల్డా వేళ్ళ మీద గాట్లు చూసి కాగితం మడిచి వెళ్ళిపోయాడు.

పిండికట్టు విప్పినా ఆమె చెయ్యి వంకరగానే ఉండిపోయింది. ట్యాంకరు స్టీరింగు తిప్పలేకపోయింది. అందుకని దారులు చూపించడానికి ఫైరింజన్ ముందు సీట్లో, దళపతి మారిసోల్ పక్కన కూర్చోబెట్టారు. మారిసోల్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. మా గుట్టకు కొత్త.

ఆ ఏడాదే ఆగస్టు పందొమ్మిదిన పదకొండు గంటలకు లోయలో పొగ లేచింది. పన్నెండున్నరకు గాలి అందుకుంది. అందర్నీ గుట్ట దించేశారు. ఆరిన్ దిగలేదు. ఫైరింజన్ అతని గేటు ముందు ఆగేసరికి వెనక వంపులో మంట పైన్ల తలల మీంచి దూకుతోంది, నిప్పురవ్వలు అద్దానికి వడగళ్ళలా కొడుతున్నాయి. అరుగు కప్పు మీద ఆరిన్ తోట గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొట్టంలోంచి నీళ్ళు పిల్లవాడు ఉచ్చ పోసినంత వస్తున్నాయి.

"వెల్డా గారూ, లోపల బండి తిరుగుతుందా?" అంది మారిసోల్.

"తిరగదు."

"నా దగ్గర ఉన్నది ఒక్క ట్యాంకు నీళ్ళు, నలుగురు మనుషులు. ఇక్కడ ఆగితే పైన తొమ్మిది ఇళ్ళు వదులుకోవాలి. ఈ ఇల్లు మీకు తెలుసు, నాకు తెలీదు. చెప్పండి."

వెల్డా దారి పక్కనా కిటికీల కిందా మిగిలిన పన్నెండు చెట్ల వంక చూసింది.

"వద్దు. పైకి పోనివ్వు," అంది. అని తలుపు తీసి దిగిపోయింది.

"మీరెక్కడికి?"

"బండి తిరగదన్నాను. నేను తిరుగుతాగా."

వెనక సీట్లో కుర్రాడు వంగి గేటుకు రిబ్బను కట్టాడు. బండి కదిలిపోవడం కప్పు మీంచి ఆరిన్ చూశాడు.

ఆమె కప్పుకు ఆనించి ఉన్న నిచ్చెన సగం ఎక్కి అతని చీలమండ పట్టుకుంది. అతను మొహం మీద తన్నాడు. పెదవి చిట్లింది, పట్టు వదల్లేదు. "దిగరా కుక్కా, దిగు," అంటూ లాగింది. అప్పుడే కిటికీ కింది మొదటి జూనిపర్ అంటుకుంది. కొత్త దుప్పటిని ఒక్కసారిగా చింపినట్టు చప్పుడైంది, చెట్టంతా ఒకే మంటై కప్పు దాటి లేచింది. కిటికీ అద్దం లోపలికి పగిలిపోయింది. తెరలు అంటుకున్నాయి. ఆరిన్ అటు తిరిగిన క్షణంలో ఆమె గొట్టాన్ని రెండు చుట్లు చేతికి చుట్టుకుని బలంగా లాగింది. అతను మెట్ల మీద వెల్లకిలా పడ్డాడు. పక్కటెముకలు విరిగాయి. ఊపిరాడక నోరు తెరిచాడు.

మంచి చెయ్యి ఒక్కటే ఉంది. ఆ చేత్తో అతని కాలరు పట్టి ఈడ్చింది. కాలరు చినిగింది. జుట్టు పట్టుకుంది. దారి పక్క చెట్లు ఒకదాని తర్వాత ఒకటి పేలుతుంటే కంచె తీగ కిందుగా తన పెరట్లోకి లాగింది. ఆమె పెరట్లో గడ్డిపరక ఉండదు, అంతా కంకర. రాతి పంపుగది వెనక అతన్ని బోర్లా తోసి మీద పడుకుంది. వీపు మీద రవ్వలు పడుతుంటే ఒకరినొకరు అరచేతులతో కొట్టుకుని ఆర్పుకున్నారు. వాటిలో కొన్ని దెబ్బలు మంటకు వేసినవి కావు.

పన్నెండు నిమిషాల్లో ఇల్లు కూలింది. క్లీటస్ మోసిన దూలాలు చివరిదాకా నిలబడి, ఆనక ఒక్కసారిగా పడ్డాయి. మంట వెల్డా కంకర దాకా వచ్చి, తినడానికి ఏమీ లేక పక్కకు తప్పుకుని కొండెక్కింది. పైన మారిసోల్ దళం తొమ్మిది ఇళ్ళలో తొమ్మిదీ నిలబెట్టింది.

సాయంత్రానికి ఆరిన్ గోడకు ఆనుకుని కూర్చోగలిగాడు. మొహం నల్లగా ఉంది.

"బండి ఆగింది. చూశాను. ఎందుకు పోయింది?"

ఆమె గాలి మీదకో, నీళ్ళ మీదకో, మారిసోల్ మీదకో తోసెయ్యొచ్చు. ఆ పిల్ల కూడా మర్నాడు అదే చెప్పింది, నిర్ణయం నాదేనని నివేదికలో రాస్తానంది.

"నేనే పొమ్మన్నాను," అంది వెల్డా.

ఆరిన్ ఎడమ చేత్తో పక్కటెముకలు పట్టుకుని కుడి పిడికిలితో ఆమె చెవి మీద కొట్టాడు. ఆమె పక్కకు ఒరిగి, మళ్ళీ లేచి కూర్చుంది. రెండోసారి చెయ్యెత్తాడు. ఆమె తప్పుకోలేదు. చెయ్యి దించి, ఎముకల నొప్పికో మరి దేనికో రెండు పళ్ళు లేని నోటితో గట్టిగా ఏడ్చాడు.

"అన్నను కూడా ఇట్లాగే అన్నావా? గడ్డిలోకి పొమ్మని?"

"ఆ రోజు ఆలోచించకుండా అన్నాను. ఇవాళ ఆలోచించి అన్నాను."

ఆనక అంబులెన్సు వచ్చింది. ఆరిన్ ఆస్పత్రి నుంచి రెడ్డింగ్ ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. స్థలం అమ్మలేదు, తిరిగి కట్టనూ లేదు.

దళంవాళ్ళు ఈ మార్చిలో వెల్డాను మళ్ళీ ముందు సీట్లో కూర్చోమన్నారు. మారిసోల్ స్వయంగా వచ్చి, ఆమె మాట వల్లనే తొమ్మిది కుటుంబాలు ఇళ్ళల్లో నిద్రపోతున్నాయని చెప్పింది. వెల్డా ఆమెకు బీన్స్ కూర పెట్టి, తినేదాకా ఆగింది.

"నేను చెప్పింది తప్పు కాదమ్మా. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పాలి. నేను చెప్పలేను. ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో," అంది.

ఆ సీటులో ఇప్పుడు పోస్టాఫీసులో పనిచేసే ఫ్లాయిడ్ కూర్చుంటున్నాడు. అతనికి దారులు సరిగ్గా తెలియవు.