ఫ్యాన్ ఆపి చేసే పని

థర్మోకోల్ కోసేటప్పుడు ఫ్యాన్ వెయ్యకూడదు. మా పనిలో ఎవరైనా మొదట నేర్చుకునేది ఇదే. కరెంటుతో కాగే తీగకి కాస్త గాలి తగిలితే చాలు, ఒక క్షణం చల్లబడి మరుక్షణం వేడెక్కుతుంది. అక్షరం అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. అందుకని కిటికీలు మూసి, విశాఖపట్నం ఉక్కలో చొక్కాలు విప్పి కూర్చునేవాళ్లం. తెల్ల పూసలు చెమటకి అంటుకుని ఒంటిమీద రెండో చర్మంలా ఉండేవి.

మద్దిలపాలెం బస్సు డిపో వెనక, టైర్ల కొట్టు మీది గది మాది. మాది అంటే మా బావది. మా వైపు అక్కని అప్ప అంటాం. అతను మా అప్ప భర్త. నేను అతన్నీ, అతను నన్నూ బావ అనే పిలుచుకునేవాళ్లం. సబ్బవరం నుంచి వచ్చి, గోడల మీద రాతపని చేసి, తొంభైల మొదట్లో థర్మోకోల్‌కి మారాడు. నేను ఇంటర్ తప్పి అతని దగ్గర చేరాను. పెళ్లి స్టేజీలకి వధూవరుల పేర్లు, చర్చిలకి క్రిస్మస్ నక్షత్రాలు, ఉక్కునగరంలో వార్షికోత్సవాలకి బారెడు అక్షరాలు కోసేవాళ్లం.

హీటర్ కాయిల్‌ని సాగదీసిన తీగే మా కత్తి. బల్ల మధ్య బెజ్జంలోంచి నిలువుగా బిగించి, షీటుని దాని చుట్టూ తిప్పాలి. ఇంగ్లీషు అక్షరాలు గీతలు కాబట్టి ఎవరైనా కోస్తారు. తెలుగు అక్షరం అంతా ఒంపులే. ఒంపు దగ్గర చెయ్యి తటపటాయిస్తే తీగ అక్కడే కరిగించుకుని గుంట పెడుతుంది. బావ చెయ్యి తటపటాయించేది కాదు. అతని దగ్గు మాత్రం ఒక్కోసారి ఆగేది కాదు. దగ్గు వచ్చేటట్టుంటే షీటుని వెనక్కి లాగి, దగ్గి, మళ్లీ అదే గాట్లో తీగ పెట్టేవాడు.

నేను చదువు తప్పినవాడినే గాని చదవడం మానినవాడిని కాను. మధ్యాహ్నం అన్నం తినగానే గ్రంథాలయానికి పోయేవాడిని. కథల పుస్తకాలు అయిపోయాక విజ్ఞానశాస్త్రం బీరువా మొదలుపెట్టాను. అక్కడి ఉద్యోగి నన్ను చూస్తే "రండి పండితులుగారూ" అనేవాడు. వెక్కిరింపో మెచ్చుకోలో గాని నాకు బాగానే ఉండేది. ఒక రసాయనశాస్త్రం పుస్తకంలో థర్మోకోల్ ఎలా పుడుతుందో చదివాను. దాన్ని కాలిస్తే వచ్చే ఆవిరి ముక్కునీ గొంతునీ ఊపిరితిత్తులనీ ఎలా పాడుచేస్తుందో కూడా రాసి ఉంది. ఆ పేజీ కాగితం మీద ఎత్తి రాసుకొచ్చి బావకి చదివి వినిపించాను.

"ఏటి బావ, రేపు అన్నం ఆవిరి కూడా ఇసమని పుస్తకంలో ఉంటే బువ్వ మానేత్తావేటి?" అన్నాడు.

"నీ దగ్గు సంగతి సెప్తన్నాను బావ."

"నాను మానేత్తే నీ పుస్తకం పెడతాదా మీ అప్పకి కూడు?"

పని మానమనడం కుదరదని తెలిసింది. పని పద్ధతి మారిస్తేనో అని ఆలోచించాను. మళ్లీ గ్రంథాలయానికే వెళ్లి, పొయ్యిగొట్టాలు ఎలా పనిచేస్తాయో చదివాను. తీగ చుట్టూ మూడువైపులా గాజుపలకలు, పైన రేకు గొట్టం, గొట్టం చివర కిటికీలో పాత హోటలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించాను. గాలి తీగని తాకకుండా, ఆవిరిని మెల్లగా పైకి లాక్కుపోవాలి. పరీక్షకి రెండు ముక్కలు కోస్తే అంచులు అద్దంలా వచ్చాయి. గదిలో వాసనే లేదు. అంతటి గర్వం నేనెన్నడూ పడలేదు.

మర్నాడు గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీలుప్లాంటులో స్థిరపడ్డ ఒకాయన ఇంటి పెళ్లికి పేర్లు కొయ్యాలి. బావ నా గాజుపెట్టె ముందు కూర్చున్నాడు. మొదటి అక్షరం అంచు కాలి ముడుచుకుపోయింది. రెండోదానికి ఈకలు లేచాయి. మూడోది విరిగింది. బావ తీగ వైపు అయోమయంగా చూశాడు.

"వాసన రాట్లేదు బావ," అన్నాడు చివరికి.

అప్పటిదాకా నాకు తెలియదు. అప్పటిదాకా ఆ మాట అతనూ పైకి అనుకుని ఉండడు. తియ్యటి వాసన వస్తే వేడి సరిపోయినట్టు, ముక్కు మండితే ఎక్కువైనట్టు, వాసనే లేకపోతే తీగ చల్లబడినట్టు. అతని చెయ్యి నడిచే వేగమంతా ముక్కు చెప్పేదే.

"తీగ వేడి రెగ్యులేటర్ మీద గీత పెడతాను. గీత చూసుకుని కొయ్యి," అన్నాను.

"మన కరెంటు నీ గీత ఇంటాదేటి? గడియకోలాగ ఊగుతాది. కళ్లకి గంతలు కట్టి కొయ్యమన్నట్టుంది నాకు."

గాజుపలకలు జాగ్రత్తగా, నా మనసు నొచ్చుకోకుండా విప్పి గోడకి ఆనించాడు. కిటికీ మూశాడు.

కొన్నేళ్లకి పడుకుంటే ఊపిరాడక కూర్చుని నిద్రపోతున్నాడని అప్ప చెప్పింది. ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే పట్టుకుని, ఏం పని చేస్తావని అడిగాడు.

"అచ్చరాలు కోత్తానండి."

ఆయనకి అర్థం కాలేదు. నేను వివరించాను. ఇల్లెక్కడని అడిగితే పోర్టు వైపని చెప్పాం. అక్కడ ఆరేసిన బట్టలు కూడా బొగ్గు దుమ్ముతో నల్లబడతాయి.

"బొగ్గో, మీ పొగో, ఏది ఎంత చేసిందో చెప్పలేను. ఆ గదిలో పని మాత్రం మానెయ్," అన్నాడు డాక్టరు.

బావ మానలేదు. ఫ్లెక్సీలు వచ్చి మాన్పించాయి. రెండువేల సంవత్సరం దాటాక ఊరంతా ప్రింటు మిషన్లే. తోటి పనివాళ్లు ఆ మిషన్లని తిట్టుకుంటుంటే, నేను పైకి వాళ్లతో గొంతు కలిపి లోపల దండం పెట్టుకున్నాను. గది ఖాళీ చేశాం. నేను ఒక ప్రింటింగు షాపులో చేరాను. బావ ఇంట్లో కూర్చున్నాడు.

రోజూ తగ్గుతుందని చూశాం. తగ్గలేదు. గుమ్మం నుంచి కుళాయి దాకా వెళ్లడానికి మధ్యలో ఆగి గోడ పట్టుకునేవాడు. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి వరండాలో కుర్చీలో ముందుకి వంగి ఉన్నాడు. అప్ప వీపు రాస్తోంది.

"బావ... మానేసి సానా కాలమైంది గదా," అన్నాడు ఆగి ఆగి. "మానేత్తే... ఎప్పటికి తగ్గుద్దని... రాసుంది... నీ పుస్తకంలో?"

వెక్కిరింపు ఎక్కడైనా ఉందేమోనని అతని ముఖం చూశాను. లేదు. అప్ప చెయ్యి కూడా వీపు మీద ఆగింది. ఇద్దరూ నా జవాబు కోసం చూస్తున్నారు. ఆ పుస్తకంలో ఆవిరి ఏం చేస్తుందో ఉంది. చేశాక ఏమవుతుందో ఒక్క ముక్క లేదు. ఆ సంగతి కోసం నేను మిగతా బీరువాలన్నీ అప్పటికే వెతికి ఉన్నాను.

"టైము పడతాది బావ. ఈ సలి పోనీ," అన్నాను.

తలాడించాడు. ఏదో అనబోయి ఊపిరి అందక ఆగాడు. "సరేనంటన్నాడు," అని అప్పే చెప్పింది.

చలి పోయింది. ఎండలు ముదిరేసరికి బావ పోయాడు.