ఆర్మాండ్ గారి యాంప్లిఫయర్

మా నాన్న పాస్టర్. నర్సాపురం దగ్గర ఒక చిన్న సంఘం ఆయనది. దయ్యం పట్టిందంటూ మనుషుల్ని మా ఇంటికి తీసుకొచ్చేవాళ్ళు. నాన్న ముందు వాళ్ళకి కడుపునిండా అన్నం పెట్టించేవారు, తర్వాత వరండాలో చాప వేసి పడుకోబెట్టేవారు. ప్రార్థన ఆఖర్న. చాలామంది ప్రార్థన దాకా రాకుండానే నెమ్మదించేవాళ్ళు. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడింది కూడా అందుకే.

మేము కెనడాలో, రెజైనా అనే ఊళ్ళో ఉంటాం. నాది ప్రభుత్వ ఆఫీసులో ఐటీ ఉద్యోగం. గిటారు చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్నాను. మా ఆఫీసులో పనిచేసే డేల్‌కి ఇక్కడి పల్లె పాటలు వాయించే ఒక కంట్రీ బ్యాండ్ ఉంది. పెళ్ళిళ్ళలో, చిన్న ఊళ్ళ కమ్యూనిటీ హాళ్ళలో, కోతలయ్యాక ఊరంతా కలిసి భోంచేసే ఫాల్ సప్పర్లలో వాయిస్తారు. ఒకసారి వాళ్ళ గిటారిస్టు ఊరు మారిపోతే నన్ను పిలిచారు. అలా ఉండిపోయాను. టర్కీ కోడి తింటూ వినే పెద్దవాళ్ళు మొదటి పాటకి నా మొహం చూసేవాళ్ళు, రెండో పాటకి లేచి డాన్సు చేసేవాళ్ళు.

పోయిన చలికాలంలో మా ఆవిడ సునీత చనిపోయింది. జ్వరమని హాస్పిటల్‌లో చేర్చాం. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాతి నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఏడుపు రాలేదు. ఆఫీసుకి వెళ్ళాను, వాకిట్లో మంచు తీశాను, మా అమ్మాయి జెస్సీకి లంచ్ కట్టాను. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ మనది కానట్టు ఉంటుంది కదా, మనిషి మొత్తం అలా ఉండేవాణ్ణి. చర్చిలో వాళ్ళు "మీరు చాలా ధైర్యంగా ఉన్నారండీ" అనేవాళ్ళు. అది ధైర్యం కాదని చెప్పాలని కూడా నాకు అనిపించేది కాదు. గిటారు మాత్రం ముట్టలేదు.

వేసవి అయిపోతుండగా డేల్ నా డెస్క్ దగ్గరికి వచ్చాడు. శరదృతువు ప్రోగ్రాములు ఒప్పుకున్నామని, నేను రావాలని, వచ్చేముందు గిటారుకి ఒక మంచి ట్యూబ్ యాంప్లిఫయర్ కొనుక్కోవాలని చెప్పాడు. నా దగ్గరున్న ట్రాన్సిస్టర్ యాంప్ ఇంట్లో బాగానే ఉండేది గానీ, హాల్లో డ్రమ్స్ మధ్య రేకు డబ్బా మోగినట్టు ఉండేది. ఆ మాట అతను ఎప్పటినుంచో అంటున్నాడు. వద్దనాలన్నా ఓపిక కావాలి. సరే అన్నాను.

ట్యూబ్ యాంప్ అంటే పాత రేడియోల్లో వెలిగే గాజు ట్యూబులు ఇందులోనూ ఉంటాయి. ఆన్ చేశాక అవి వేడెక్కేదాకా ఆగాలి. రాక్ వాయించేవాళ్ళు సౌండ్ పెంచి, ట్యూబులు బరువెక్కి గరగరలాడితే సంతోషిస్తారు. కంట్రీకి అది పనికిరాదు. ఎంత పెంచినా ఒక్కో తీగె విడిగా, గంట కొట్టినట్టు వినబడాలి. అందుకని పెద్ద యాంప్ కావాలి. పెద్దదంటే బరువు, దాన్ని హాలు మెట్లెక్కించేది మనమే. ఎంపికలో ఉన్న చిక్కంతా ఇదే.

ముందు ఊళ్ళోని ఒక షాపులో చూశాం. చిన్నది ఒకటి చెవికి తియ్యగా ఉంది గానీ, డేల్ పక్కన డ్రమ్స్ మీద నాలుగు దెబ్బలు వేయగానే దాని గొంతు బొంగురుపోయింది. పెద్దది ఒకటి శుభ్రంగా మోగింది, కానీ ఇద్దరం కలిసి ఎత్తి దింపేసరికి డేల్ నడుం పట్టుకున్నాడు. ఏది తీసుకుంటావని అడిగితే ఏదైనా ఫరవాలేదన్నాను. నాకు నిజంగానే తేడా తెలియలేదు. అతను నన్ను కాసేపు చూసి, ఇంకొకటి చూద్దాం అన్నాడు.

ఆ ఇంకొకటి రెజైనాకి తూర్పున గంట ప్రయాణం దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఐరీన్ గారనే పెద్దావిడ అమ్ముతున్నారు. శనివారం మధ్యాహ్నం వెళ్ళాం. దారి పొడుగునా కోతలు జరుగుతున్నాయి, పొలాల మీద దుమ్ము లేస్తోంది.

యాంప్ ఆవిడ భర్త ఆర్మాండ్ గారిది. వయసులో ఉండగా చుట్టుపక్కల డాన్సులన్నిటికీ ఆయనే వాయించేవారట. ఇప్పుడు కిటికీ పక్కన వాలు కుర్చీలో, కాళ్ళ మీద దుప్పటితో కూర్చుని ఉన్నారు. స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచి మాట లేదని ఐరీన్ గారు చెప్పారు. మనుషుల్ని గుర్తుపట్టడం కూడా కష్టమేనట. నేను "హలో సర్" అంటే ఆయన నా భుజం పక్కనుంచి ఎటో చూశారు.

యాంప్ ఆ గదిలోనే ఉంది. స్పీకర్ మీది గుడ్డ కాస్త వెలిసిపోయింది తప్ప మంచి స్థితిలో ఉంది. ఆన్ చేసి, ట్యూబులు వేడెక్కాక తక్కువ సౌండ్‌లో నెమ్మదిగా సాగే ఒక పాత డాన్సు పాట, వాల్ట్‌జ్ వాయించాను. బాగుంది. బాగుందని తెలిసింది, అంతే.

"అలా కాదు, హాల్లో ఎంత పెడతావో అంత పెట్టు. అప్పుడే కదా తెలిసేది," అన్నాడు డేల్. ఐరీన్ గారిని అడిగితే, "పెట్టండి, పెట్టండి. ఈ ఇంటికి అలవాటే," అని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు.

పెంచాను. వేగంగా సాగే ఒక ముక్క వాయించాను. అల్మరాలో ప్లేట్లు అదిరాయి. అంత సౌండ్‌లోనూ ప్రతి తీగె విడివిడిగా పలికింది. ఇలాంటిది నేనెప్పుడూ వాయించలేదు.

అప్పుడు ఆర్మాండ్ గారు తల తిప్పి, నా మొహంలోకి చూసి మాట్లాడారు.

"కొంచెం తగ్గించండీ, పాప పడుకుంది."

గొంతు ఆయనదే. ముసలి గొంతు, జీరగా ఉంది. అందులో ఆడగొంతు ఏమీ లేదు. మాటలు మాత్రం తెలుగు. "తగ్గించండీ" అన్నచోట ఆ సాగదీత కూడా మావైపుదే.

నేను "ఆఁ, సరే" అని సౌండ్ తగ్గించాను. ఒళ్ళు జలదరించిందనో, చేతులు వణికాయనో చెప్పగలిగితే బాగుండేది. అలాంటిదేమీ లేదు. ఇంట్లో ఎలా తగ్గించేవాణ్ణో అలాగే తగ్గించి, ఆపిన చోటునుంచి మళ్ళీ వాయించాను.

ఆ మాట గురించి చెప్పాలి. జెస్సీ పుట్టినప్పుడు మేము చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను గిటారు తీస్తే చాలు, సునీత వంటింట్లోంచి ఇదే మాట అనేది. జెస్సీ పెద్దదయ్యాక కూడా మానలేదు. పిల్ల స్కూల్లో ఉన్నా, స్నేహితులతో సినిమాకి వెళ్ళినా, నా సౌండ్ ఎక్కువైతే "కొంచెం తగ్గించండీ, పాప పడుకుంది" అనేది. అది మా ఇంట్లో ఒక జోక్. బయట ఎవరికీ తెలియదు.

ఐరీన్ గారు వంటింట్లోంచి పరుగున వచ్చారు. "మాట్లాడాడా? ఆర్మాండ్ మాట్లాడాడా?" అని ఆయన కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. డేల్, "అవును, ఏదో అన్నారు. పాపా అని వినబడింది," అన్నాడు. ఆవిడకి కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆర్మాండ్ గారిది ఫ్రెంచి కుటుంబమట, చిన్నప్పుడు ఇంట్లో ఫ్రెంచే మాట్లాడేవారట. ఫ్రెంచిలో పాపా అంటే నాన్న. "వాళ్ళ నాన్నని పిలిచాడు. ఇంతకాలానికి నోరు తెరిచి వాళ్ళ నాన్నని పిలిచాడు," అని ఆయన చేతులు పట్టుకుని మళ్ళీ మళ్ళీ అన్నారు. ఆయన అప్పటికే కిటికీ వైపు తిరిగిపోయారు.

 ఆవిడ మొహం చూశాక, అది తెలుగని చెప్పాలనిపించలేదు. యాంప్ తీసుకుంటానన్నాను. డేల్, నేను దాన్ని కారులోకి ఎక్కించాం. ఐరీన్ గారు గుమ్మంలో నిలబడి, వీలైనప్పుడు వచ్చి ఆయనకి వినిపించమన్నారు.

హైవే ఎక్కాక డేల్ అడిగాడు. "నీకు ఫ్రెంచి వచ్చా?"

"రాదు."

"మరి ఆయన మాట్లాడగానే సౌండ్ ఎందుకు తగ్గించావు? ఏదో జవాబు కూడా చెప్పావు."

"నువ్వేం విన్నావో చెప్పు ముందు," అన్నాను.

 డేల్‌కి స్కూల్లో చదివిన ఫ్రెంచి కొద్దిగా వచ్చు. "పాపా అన్నది ఒక్కటే తెలిసింది. మిగతాది ఫ్రెంచిలా అనిపించలేదు. పాపా తర్వాత పడు... పడుకుండీ, అలా ఏదో," అన్నాడు. నేనింకా అతనికి ఏమీ చెప్పలేదు. తెలుగు ముక్క కూడా రాని మనిషి ఆ మాట అనడంతో, నేను పొరబడ్డానేమో అన్న ఆశ కాస్తా పోయింది. ఆశే అంటున్నాను. పొరబడి ఉంటే తేలిగ్గా ఉండేది.

అప్పుడు చెప్పాను, ఆయన ఏమన్నారో, అది ఎవరి మాటో. ఇల్లు చేరాక డేల్ యాంప్ నా గరాజ్‌లో దించి, వెళ్ళేముందు ఒకసారి నన్ను గట్టిగా పట్టుకుని వదిలాడు.

తర్వాత నాకు తోచిన దారులన్నీ వెతికాను. సునీత హాస్పిటల్ వంటగదిలో పనిచేసేది. పేషెంట్ల గదుల్లోకి ట్రేలు తీసుకెళ్ళేది. ఆర్మాండ్ గారు అక్కడ ఎప్పుడైనా ఉన్నారేమో, సునీత మాట ఆయన చెవిన పడిందేమో అనుకున్నాను. ఫోన్ చేసి మెల్లగా అడిగితే, వైద్యమంతా వేరే ఊళ్ళోనే జరిగిందని, రెజైనాలో ఆయన ఏ హాస్పిటల్లోనూ ఉండలేదని ఐరీన్ గారు చెప్పారు. ఇంటికి వచ్చి చూసుకునే నర్సు ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు ఎవరూ లేరు. ట్యూబ్ యాంప్‌లు ఒక్కోసారి రేడియో మాటల్ని పట్టుకుంటాయని కూడా చదివాను. కానీ మాట స్పీకర్లోంచి రాలేదు. ఆయన పెదాలు కదలడం నేను చూశాను.

జెస్సీకి చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడి, చివరికి ఒక రోజు డిన్నర్ దగ్గర చెప్పాను. దానికిప్పుడు పదహారేళ్ళు. నేను తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులో జవాబిస్తుంది.

"డాడ్, దట్స్ నాట్ ఫన్నీ," అంది.

జోక్ కాదమ్మా అన్నాను. ఫోర్కు కింద పెట్టింది. తర్వాత, "లైక్ హౌ మామ్ సేస్ ఇట్?" అని అడిగింది. అవునన్నాను. లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఫాల్ సప్పర్‌లో ఆ యాంప్‌తోనే వాయించాను. అందరూ మెచ్చుకున్నారు. డేల్ వాయించే స్టీల్ గిటారు, నా గిటారు కలిసిన చోట ఇద్దరు ముసలివాళ్ళు తినడం ఆపి చేతులు పట్టుకున్నారు. అదంతా అద్దం అవతల జరుగుతున్నట్టు చూశాను.

మొదటి మంచు పడకముందు, ఒక ఆదివారం చర్చి అయ్యాక ఐరీన్ గారింటికి మళ్ళీ బయల్దేరాను. యాంప్ కారులో పెడుతుంటే జెస్సీ కోటు వేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

ఆర్మాండ్ గారు అదే కుర్చీలో ఉన్నారు, కాస్త చిక్కారు. జెస్సీ ఆయనకి ఎదురుగా సోఫా అంచున కూర్చుంది. నేను ఆ వేగంగా సాగే ముక్కే ఎత్తుకున్నాను. ఆయన కిటికీ బయటికి చూస్తున్నారు. పాట సగానికి వచ్చాక జెస్సీ నావైపు తిరిగి, అరచెయ్యి పైకెత్తి సైగ చేసింది. పెంచమని.

పెంచాను. అల్మరాలో ప్లేట్లు అదిరాయి. వంటింటి గుమ్మంలో ఐరీన్ గారు చేతులు తుడుచుకుంటూ నవ్వారు. జెస్సీ ఆయన నోటి వైపే చూస్తోంది. మళ్ళీ చెయ్యి పైకెత్తింది. ఇంకా పెంచాను.

ఆ మొదటి రోజు ఆయన నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుస్తుందని కూడా అనుకోవడం లేదు. ఆ ఆదివారం మాత్రం పాట మొత్తం అదే సౌండ్‌లో వాయించాను. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి వాయించాను. ఎవరూ తగ్గించమనలేదు.